వేడి లేని దీపాలు

నిలబడటం కూడా ఒక ఉద్యోగమే అంటే ఎవరూ నమ్మరు. ఆ నాటకశాలలో బొమ్మ చేసేది మాత్రం అదే.

నాటకానికి వారం ముందు స్టేజి మీద దీపాలు సర్దుతారు. నటులు ఎక్కడెక్కడ నిలబడి మాట్లాడతారో అక్కడక్కడ తెల్ల టేపుతో గుర్తులు వేసి ఉంటాయి. పైన ఇనుప నడవ మీద కూర్చుని దీపం తిప్పే మనిషికి, వెలుగు ఎక్కడ పడుతోందో తెలియాలంటే ఆ గుర్తు మీద ఎవరో ఒకరు ఉండాలి. నటుల్ని గంటలకొద్దీ అలా నిలబెడితే ఊరుకోరు. బొమ్మ ఊరుకుంటుంది. ఆ పేరు అందుకే వచ్చింది. రాణి గుర్తు మీదా నిలబడుతుంది, బంటు గుర్తు మీదా నిలబడుతుంది, చచ్చిపోయిన ముసలాడు పడుకునే చోట పడుకుంటుంది కూడా. పద్నాలుగో ఏట బడి మానేసి వచ్చిన పిల్లకి ఇప్పుడు ముప్ఫై ఒకటి. ఈ పదిహేడేళ్ళలో ఆమె నిలబడని పాత్ర లేదు, ఆడిన పాత్ర ఒక్కటీ లేదు.

పైన దీపాలు తిప్పేది పెదనాన్న. అందరూ దీపాల మేస్త్రి అంటారు. అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోతే బొమ్మని తెచ్చి పెంచుకున్నవాడు ఆయనే. మొదటిరోజు ఆ పెద్ద ఖాళీ స్టేజి మీద పిల్ల బిక్కచచ్చిపోయి నిలబడితే, పైనుంచి వంగి, "కళ్ళు మూసుకో తల్లీ, ఈ వెలుగుకి పాడవుతాయి. నేను బిందె నింపుతున్నాననుకో. నిండగానే చెప్పు" అన్నాడు. వెలుగు మొహమంతా పరుచుకోగానే "నిండింది" అంది పిల్ల. అదే ఆనవాయితీ అయిపోయింది. ఎంత గొప్ప దర్శకుడొచ్చినా సరే, కింద బొమ్మ "నిండింది" అంటేగానీ పైన మర బిగించరు.

"నీకున్నదే ఒక్క డైలాగు. అదీ జనం రాకముందే అయిపోతుంది" అంటుంది టికెట్ల అత్త. కిటికీలోంచి టికెట్లు ఇచ్చి ఇచ్చి ఆవిడకి లోకమంతా ఆ చదరపు కంతలోంచే కనిపిస్తుంది. మాట పడేస్తుందిగానీ, రోజూ మధ్యాహ్నం టీ తెచ్చి చేతిలో పెట్టేదీ ఆవిడే. బొమ్మ నవ్వదు, కోప్పడదు. టీ తాగి గ్లాసు కడిగి ఇచ్చేస్తుంది.

ఆకులు రాలడం మొదలయ్యే రోజుల్లో ఆ నాటకశాలకి కొత్త ఏడు మొదలవుతుంది. ఎండాకాలమంతా వేసి ఉన్న తాళం తీస్తారు, కుర్చీల మీద గుడ్డలు లాగి దులుపుతారు, అచ్చు వాసన పోని కార్యక్రమాల పుస్తకం కట్టలు కట్టలుగా వచ్చి పడుతుంది. ఈసారిది పదహారు పేజీలు. మేనేజర్ బొమ్మకి ఒకటి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి, అన్నాలు తిన్నాక, పెదనాన్న కళ్ళలో మందు వేసి, బల్ల దగ్గర కూర్చుని చదివి వినిపించింది.

"మొదటిది, రేవు నాటకం. పడవలు నడవడం మానేసిన రేవులో ఒకావిడ పడవ కోసం ఎదురుచూస్తూ ఉంటుందట. పన్నెండు ఆటలు."

"పన్నెండు ఆటలూ ఎదురుచూడటమేనా? జనం పడవెక్కి పారిపోతారు. తర్వాత?"

"నలుగురు అక్కచెల్లెళ్ళ నాట్యం. ఆ తర్వాత రెండిళ్ళ మధ్య గోడ గురించి హాస్య నాటకం. పై గదిలో బొమ్మల కొలువు, కాదు, చిత్రాల ప్రదర్శన. అన్నీ తలుపులేనట, తలుపులు తప్ప ఇంకేమీ గీయడట ఆ చిత్రకారుడు. ఆఖర్న పిల్లలకి తోలుబొమ్మలాట, వారం రోజులు."

"నా పేరుందా?"

"నాలుగు చోట్ల ఉంది. ప్రతి ఆట కిందా."

"అక్షరాలు పెద్దవేనా?"

"చీమంత."

"చీమంత చాలు." ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు, మందు బయటికి రాకుండా. "తోలుబొమ్మలాట ఆఖరి రోజున నేనే చెప్పేస్తాను తల్లీ. ఇక చాలు, మానేస్తున్నాను అని. అప్పటిదాకా నెట్టుకొద్దాం. నా అంతట నేను దిగాలి. నన్ను ఎవరూ దింపకూడదు."

బొమ్మ "ఊ" అంది. మందు సీసా మూత పెట్టి అలమరలో పెట్టింది. పొద్దున రెండు చుక్కలు, సాయంత్రం రెండు చుక్కలు. ఆ నరం ఎండిపోతోందని, పోయిన చూపు రాదని, ఉన్నది కొన్నాళ్ళు కాపాడుకోవచ్చని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. చూపు అంచుల నుంచి లోపలికి చీకటి పడుతూ వస్తోంది. ఇప్పుడు ఆయనకి ప్రపంచం ఒక గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది, అదీ మసగ్గా. దీపాల మేస్త్రికి చూపు లేదని తెలిస్తే ఒక్క పూట ఉంచుకోరు. ఈ సంగతి తెలిసినవాళ్ళు మొన్నటిదాకా ముగ్గురు. పోయిన చలికాలం వెళ్తూ వెళ్తూ పెద్దమ్మ పోయింది. ఇప్పుడు ఇద్దరు.

పెద్దమ్మ పోయినప్పుడు బొమ్మ ఏడవలేదు. అందరూ చూశారు, చెవులు కొరుక్కున్నారు. ఆమె మాత్రం ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది. అది రాలేదు. నీళ్ళు పట్టింది, బట్టలు మడతపెట్టింది, వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసింది. తర్వాత నెలలు గడిచాయి. ఎవరైనా "ఎలా ఉన్నావమ్మా?" అంటే, వాళ్ళ మాట పూర్తవకముందే నోరు దానంతట అదే "బాగున్నాను" అనేసేది. చెయ్యి మీద తలపెట్టుకుని పడుకుంటే పొద్దున్నే చెయ్యి మనది కానట్టు ఉంటుందే, అలా ఉంది ఆమెకి. అది కాసేపటికి జివ్వుమని తిమ్మిరెక్కి మనదవుతుంది. ఇది అవలేదు.

రెండేళ్ళుగా సంగతి ఎలా దాగిందంటే, బొమ్మ వల్లే. పాత దీపాలు పొయ్యిలాంటివి. ఒక్కోటి మనిషి తలంత గాజు, లోపల ఎర్రగా కాలే తీగ. వాటి కింద పదిహేడేళ్ళు కళ్ళు మూసుకుని నిలబడిన మనిషికి వెలుగుని చూడాల్సిన పనిలేదు. చర్మానికి తెలుస్తుంది. నుదుటి మీద, రెండు చెంప ఎముకల మీద, గడ్డం కింద గొంతు గుంట దాకా వేడి సమంగా తగిలితే నిండినట్టు. గడ్డానికే ఎక్కువ తగిలితే కిందికి జారినట్టు. నీలం కాగితం అడ్డం పెడితే వేడి తగ్గుతుంది, దానికీ ఆమె దగ్గర లెక్క ఉంది. పైనుంచి పెదనాన్న "ఎలా ఉంది తల్లీ?" అంటాడు. ఆమె "గడ్డం" అంటే కొంచెం పైకెత్తుతాడు. "ఎడమ చెవి" అంటే కుడికి తిప్పుతాడు. వినేవాళ్ళు పెదనాన్నా కూతుళ్ళ ముద్దుమాటలు అనుకుని నవ్వుకునేవారు. ఆమెకి ఎలా తెలుస్తోందో ఆయన ఏనాడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆట నడిచే రోజుల్లో కష్టమే లేదు. మాటలు వింటూ మీట నొక్కడం ఆయన వేళ్ళకి అన్నం కలుపుకోవడమంత అలవాటు.

రేవు నాటకానికి ఎనిమిది రోజుల ముందు మేనేజర్ అందర్నీ స్టేజి మీదకి పిలిచాడు. అట్టపెట్టెలు చించి ఉన్నాయి. నల్లగా, పలకల్లా, చిన్న చిన్న గింజలు పొదిగినట్టున్న కొత్త దీపాలు.

"కరెంటు సగం కూడా అవదు. అసలు వేడే ఉండదు! ఇక మేకప్ కరుగుతోంది, చొక్కా తడుస్తోంది అని ఒక్కరు కూడా అనకూడదు" అన్నాడు మేనేజర్, తనే కనిపెట్టినట్టు. అందరూ చప్పట్లు కొట్టారు. పెదనాన్న కూడా కొట్టాడు. బొమ్మ కొట్టలేదు. ఒక దీపం వెలిగించి చూపిస్తుంటే అరచెయ్యి దగ్గరగా పెట్టింది. ఏమీ లేదు. వెన్నెల్లో చెయ్యి పెట్టినట్టుంది.

ఆ సాయంత్రమే చెప్పి ఉండాల్సింది. చెప్పాలనే అనుకుంది. పెదనాన్న బల్ల దగ్గర కూర్చుని, "కొత్త దీపాల కింద మొదటి నాటకం నాదే చూడు" అన్నాడు. ఆ మాటలో ఎన్నాళ్ళకో ఒక ఉత్సాహం ఉంది. ఆమె రెండు చుక్కలు వేసి, మూత పెట్టి, సీసా అలమరలో పెట్టింది.

మర్నాడు పదకొండు గుర్తులు. మొదటి గుర్తు మీద నిలబడి కళ్ళు మూసుకుంది. రెప్పల మీద ఎర్రగా ఉంది, అంతే. నుదురు లేదు, చెంప లేదు, గడ్డం లేదు. కళ్ళు తెరిచి చూసింది. పైన మూడు దీపాలు, మూడూ తెల్లగా కొట్టాయి. ఏది ఎటు చూస్తోందో తెలియలేదు. కళ్ళ ముందు ఆకుపచ్చ మచ్చలు తేలాయి.

"ఎలా ఉంది తల్లీ?"

కింద కుర్చీల్లో మేనేజర్, దీపాలు అమ్మినవాళ్ళు ఇద్దరు, చేతులు కట్టుకుని పైన దీపాల వంకే చూస్తున్నారు. పైన పెదనాన్న నడవ కడ్డీ మీదుగా బాగా వంగి ఉన్నాడు. జవాబు ఆలస్యమైనకొద్దీ ఇంకా వంగుతున్నాడు.

"నిండింది" అంది బొమ్మ.

అబద్ధం ఆడాలనుకుని ఆడింది కాదు. ఎలా ఉన్నావంటే బాగున్నాను అన్నట్టు, నోరు అనేసింది. తర్వాత గుర్తు మీదా అదే. పదకొండు గుర్తులూ గంటన్నరలో అయిపోయాయి. పాత రోజుల్లో పూటంతా పట్టేది. "చూశారా, కొత్త దీపాల మహిమ!" అన్నాడు మేనేజర్. టికెట్ల అత్త మాత్రం టీ ఇస్తూ బొమ్మ మొహంలోకి చూసి, "ఏమే, ఇవాళ బిందెలు తొందరగా నిండాయి?" అంది. బొమ్మ గ్లాసు కడగడానికి వెళ్ళిపోయింది.

రెండో రోజు మధ్యాహ్నం, దీపాలతో మొదటి రిహార్సల్. రేవు నాటకానికి దర్శకురాలూ, అందులో ఎదురుచూసే ఆవిడా ఒక్కరే. అందరూ పెద్ద నటి అంటారు. గొంతు ఖంగుమంటుంది, మాట మొహమాటం ఎరగదు. మూడో అంకంలో ఆమెకి ఉత్తరం వస్తుంది. హాలంతా చీకటి చేసి, ఆమె మొహం ఒక్కటే వెలగాలి. ఆ మొహంలోనే జనం ఉత్తరం చదవాలి.

పెదనాన్న మీట నొక్కాడు. ఆమె నడుము, ఉత్తరం పట్టుకున్న చేతులు దేదీప్యమానంగా వెలిగాయి. భుజాల పైన చీకటి.

ఆమె రెండు మాటలు పలికి ఆగింది.

"మేనేజర్ గారూ, ఉత్తరం చదివేది నా నడుమా? నడుముతో ఏడవమంటారా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మిగతా గుర్తులూ చూశారు. ఒకచోట వెలుగు పక్కనున్న ఖాళీ బల్ల మీద పడింది, ఒకచోట తల మీదుగా వెళ్ళి వెనక తెరకి తగిలింది. పదకొండింటిలో సరిగ్గా ఉన్నవి రెండు.

"పెద్దాయనా, ఏమిటిది?" అన్నాడు మేనేజర్. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. "ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఒక్క మాట అనాల్సి రాలేదు."

"కొత్త మరలు కదా, జారి ఉంటాయి" అన్నాడు పెదనాన్న లేస్తూ. "ఎంతసేపు! ఎక్కి సరిచేస్తాను. తల్లీ, వెళ్ళి నిలబడు."

మరలు జారలేదని బొమ్మకి తెలుసు. ఉత్తరం గుర్తు మీద నిలబడింది. నిచ్చెన మెట్ల చప్పుడు వినిపించింది. పందొమ్మిది మెట్లు. ఎప్పుడూ లెక్కపెట్టకుండానే లెక్క తెలిసే చప్పుడు. ఇవాళ ఎవరూ టీకి వెళ్ళలేదు, ఎవరూ మాట్లాడుకోవడం లేదు. పెద్ద నటి ముందు వరసలో కూర్చుని కాలు ఊపుతోంది.

దీపం కదిలింది.

"ఎలా ఉంది తల్లీ?"

ఆమె కళ్ళు మూసుకుంది. ఏమీ తగల్లేదు.

"నిండిందా?"

నిండింది అంటే రేపు మళ్ళీ నడుమే వెలుగుతుంది, ఆయన్ని పంపించేస్తారు. లేదు అంటే ఆయన ఇంకొంచెం వంగుతాడు, తిప్పుతాడు, మళ్ళీ అడుగుతాడు. కడ్డీ ఆయన నడుము ఎత్తే ఉంటుంది. ఆమె కళ్ళు తెరిచి పైకి చూసింది. తెల్లటి వెలుగు వెనక ఆయన మనిషి కనబడలేదు. కడ్డీ మీదుగా బయటికి చాచిన ఒక చెయ్యి మాత్రం కనబడింది. రెండో చెయ్యి దీపం మీద ఉండి ఉంటుంది. అంటే కడ్డీని పట్టుకున్న చెయ్యి లేదు.

"నిండిందా, తల్లీ?"

"నాకు తెలియడం లేదు, పెదనాన్నా."

ఆ హాలు మాటని మోసుకెళ్ళడానికి కట్టింది. చివరి వరస దాకా వినబడింది.

"తెలియకపోవడం ఏమిటి?"

"ఈ దీపాలకి వేడి లేదు. నేను చూసి చెప్పేదాన్ని కాదు. వేడి తగిలితే చెప్పేదాన్ని. నువ్వు వెనక్కి జరుగు. కడ్డీ పట్టుకో."

చాచిన చెయ్యి వెనక్కి వెళ్ళి కడ్డీని పట్టుకుంది.

"వేడితోనా?" అన్నాడు చివరికి. "ఇన్నాళ్ళూ వేడితోనా?"

"దయచేసి ఎవరైనా నాకు అర్థమయ్యేలా చెప్తారా?" అంది పెద్ద నటి. "వేడేమిటి? దీపం తిప్పే మనిషి పైన ఉన్నాడు కదా. ఆయనకి కనపడదా?"

పెదనాన్న దిగుతున్నాడు. ఒక్కో మెట్టుకీ కాలు గాల్లో ఆడించి, వేళ్ళతో మెట్టుని వెతికి, దొరికాక బరువు వేసి. రెండేళ్ళుగా అలాగే దిగుతున్నాడు. ఇవాళే అందరూ చూశారు.

బొమ్మ గుర్తు మీదే నిలబడి ఉంది. ఇప్పుడైనా ఏదో ఒకటి వస్తుందనుకుంది. సిగ్గో, భయమో. కాళ్ళ కింద చెక్క చల్లగా ఉందని మాత్రం తెలిసింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అడిగాడు మేనేజర్.

"రెండేళ్ళు" అన్నాడు పెదనాన్న.

"రెండేళ్ళు! ఆ చూపుతో ఆ నిచ్చెనా? పడితే ఎవరిది బాధ్యత? పెద్దాయనా, మీరంటే నాకు గౌరవమే, కానీ రేపటి నుంచి..."

"రేపటి నుంచి ఎవర్ని తెస్తారు?" అంది పెద్ద నటి. జాలిపడి అన్నది కాదు. "ఆరు రోజుల్లో ఆట. పుస్తకం అచ్చయింది, ఊరంతా పంచారు. నాకు నా మొహం కనపడాలి. ఎవరు కనపడేలా చేస్తారో నాకనవసరం."

"నాకు బుర్ర పనిచేయడం లేదు మేడమ్. కొత్త మేస్త్రి దొరకాలంటే చలికాలం వస్తుంది."

"అది ఎక్కుతుంది" అన్నాడు పెదనాన్న.

అందరూ బొమ్మ వైపు చూశారు. ఆ స్టేజి మీద ఆమెని అందరూ ఒక్కసారిగా చూడటం అదే మొదలు.

"దానికేం తెలుసు పైన పని?"

"మర తిప్పడం పూటలో నేర్పుతాను. వెలుగు ఎక్కడ పడాలో దానికి నేర్పక్కర్లేదు. పదిహేడేళ్ళు దాని మొహం మీదే పడింది."

"మరి కింద నిలబడేదెవరు?" అన్నాడు మేనేజర్.

"నేనున్నాగా. నిలబడటానికి కళ్ళెందుకు?"

మేనేజర్ పుస్తకం తీసి ఊరికే పేజీలు తిప్పాడు. చీమంత అక్షరాల దగ్గర ఆగాడో లేదో తెలియదు. తోలుబొమ్మలాట దాకా ఇలాగే కానివ్వమన్నాడు. పెదనాన్న పేరు పుస్తకంలో ఎలా ఉంటే అలాగే ఉంటుంది, నిచ్చెన మాత్రం ముట్టుకోకూడదు, కింద మీట దగ్గర కూర్చోవచ్చు, ఆఖరి ఆటతో సెలవు. దిగే రోజు మారలేదు. దిగడానికీ దింపడానికీ తేడా మాత్రం పోయింది. దాన్ని పోగొట్టింది బొమ్మే. ఆ సంగతి పెదనాన్న అనలేదు. ఇంటికి నడుస్తున్నప్పుడు ఎప్పటిలా ఆమె భుజం మీద చెయ్యి వేసుకున్నాడు. రాలిన ఆకుల మీద రెండు జతల చెప్పుల చప్పుడు. వీధి మలుపు దగ్గర మాత్రం ఒకసారి, "వేడితోనా!" అనుకున్నాడు తనలో తను.

మర్నాడు పొద్దున బొమ్మ నిచ్చెన ఎక్కింది. పందొమ్మిది మెట్లు. ఇనుప నడవ మీద మోకాళ్ళ మీద కూర్చుని, కొత్త దీపం వీపు మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. కిందికి చూసింది. పదిహేడేళ్ళు తను నిలబడిన చోటు ఇంత చిన్నదని ఆమెకి తెలియదు. తెల్ల గుర్తులు, నల్ల చెక్కలు, ఒక గుర్తు మీద పెదనాన్న బట్టతల.

"కళ్ళు మూసుకో పెదనాన్నా. పాడవుతాయి."

"ఇంకేం పాడవుతాయే?"

వెనక వరసలో టికెట్ల అత్త ఫక్కున నవ్వింది. తర్వాత పెదనాన్న కూడా నవ్వాడు, భుజాలు కదిలేలా.

"కదలకు. బొమ్మలా నిలబడాలి."

"పదిహేడేళ్ళు ఎలా నిలబడ్డావే నువ్వు! అప్పుడే పిక్కలు లాగుతున్నాయి."

ఆమె మర వదులు చేసి దీపం తిప్పింది. వెలుగు ఆయన చొక్కా మీద పడి, మెడ మీదికి పాకి, మొహం ఎక్కింది. అలవాటు కొద్దీ పైనుంచి అడిగింది.

"నిండిందా?"

"నన్నడుగుతావేంటే? నాకేం తగులుతుంది? నువ్వే చెప్పు."

ఆమె చూసింది. నుదురు, చెంపలు, గడ్డం. గడ్డం కింద కుడివైపు, దవడ ఎముక వెంట, రెండు వేళ్ళ మేర తెల్లటి వెంట్రుకలు గీయకుండా మిగిలిపోయి ఉన్నాయి. నిన్నా మొన్నటివి కావు, వారాలవి. రోజూ ఆ మొహంలో ఉదయం రెండు, సాయంత్రం రెండు చుక్కలు వేస్తోంది. ఒక్కసారీ చూడలేదు. పెద్దమ్మ ఉంటే చూసేది.

"ఏమే, నిద్రపోయావా?"

"నిండింది" అంది. మర బిగించింది. ఇంకాసేపు ఆ దవడ వైపే చూసింది. "తర్వాతిది. ఎడమకి నాలుగడుగులు."

ఆయన పైకి వినబడేలా లెక్కపెడుతూ నడిచి ఆగాడు. గుర్తు ఇంకా ముందుంది.

"ఇంకో అర అడుగు, పెదనాన్నా."